మంచు కరిగింది, ఉప్పు కరిగింది: రెండూ ఒకటేనా?

సందేహం: ‘మంచు కరిగింది’ అంటాం, ‘ఉప్పు నీళ్లలో కరిగింది’ అనీ అంటాం. సైన్సులో ఇవి వేరువేరు పనులు. మా అమ్మాయి పరీక్షలో ‘ఉప్పు నీటిలో ద్రవీభవించింది’ అని రాస్తే టీచర్ కొట్టేశారు. కరగడమంటే ద్రవీభవించడమే కదా అని దాని వాదన. రెండింటికీ ఒకే మాట వాడటం తెలుగులో ఉన్న లోపమా? పనిలో పనిగా ‘నీరులో’, ‘నీటిలో’, ‘నీళ్లలో’ – వీటిలో ఏది సరైనదో కూడా చెప్పగలరు.

సమాధానం: టీచర్ కొట్టేయడం సబబే. అయితే మీ అమ్మాయిది బద్ధకంతో చేసిన తప్పు కాదు, ఆలోచించి చేసిన తప్పు. అందుకే కాస్త వివరంగా చెప్పాలనిపించింది.

ముందు ‘ద్రవీభవనం’ సంగతి చూద్దాం. ‘ద్రవ’ అన్నది ఇక్కడ ‘ద్రవీ’ అయింది. ఆ ఈకారం ఊరికే రాలేదు. సంస్కృత వ్యాకరణంలో దీన్ని చ్వి ప్రత్యయం అంటారు. అంతకుముందు అలా లేనిది అలా అవడం అని దాని అర్థం. ద్రవం కానిది ద్రవమైతే ద్రవీభవనం, ఘనం కానిది ఘనమైతే ఘనీభవనం. ఏకీకరణ, సరళీకరణ కూడా ఈ బాపతే. ఇప్పుడు గ్లాసెడు నీళ్లలో చెంచాడు ఉప్పు వేసి కలపండి. ఉప్పు ద్రవమైందా? కాలేదు. ఉప్పు తనంతట తాను ద్రవం కావాలంటే 801 డిగ్రీల సెల్సియస్ వేడి తగలాలి. గ్లాసులో నీళ్లు గోరువెచ్చగా కూడా లేవు. కాబట్టి అక్కడ జరిగింది ద్రవీభవనం కాదు. ఉప్పు ద్రావితం, నీరు ద్రావణి, రెండూ కలిసి ద్రావణం అయ్యాయి.

ఇక్కడో తమాషా ఉంది. ద్రవం, ద్రవీభవనం, ద్రావణం, ద్రావణి, ద్రావితం – ఇవన్నీ పుట్టింది ‘ద్రు’ అనే ఒకే ధాతువు నుంచి. పారడం, పరుగెత్తడం దాని అర్థం. అంటే పాఠ్యపుస్తకాల వాళ్లు రెండు పనులకూ వేరువేరు పేర్లు పెట్టారే గాని, వేరు మాత్రం ఒకటే. తెలుగు ‘కరుగు’ను లోపమంటే సంస్కృతం కూడా ఆ లెక్కలోకి వస్తుంది. కన్నడంలోనూ ‘కరగు’ రెండు చోట్లా పనికొస్తుంది. తమిళులు మాత్రం మంచుకు ‘ఉరుగు’, చక్కెరకు ‘కరై’ అని విడదీసుకున్నారు. దానివల్ల వాళ్లకు రసాయనశాస్త్రం తేలికైందని నేను అనుకోను.

అసలు తెలుగు ఈ తేడాను గుర్తించలేదా? గుర్తించింది, కానీ క్రియలో కాదు, విభక్తిలో. మీరు రోజూ అనే వాక్యాలే చూసుకోండి. మంచు ఎండకు కరిగింది. మైనం వేడికి కరిగింది. ఉప్పు నీళ్లలో కరిగింది. ‘కు’ ఉన్నచోట కారణం వేడి. ‘లో’ ఉన్నచోట కారణం ద్రవం. ‘మైనం నీళ్లలో కరగదు, వేడికి కరుగుతుంది’ అని చిన్నపిల్లలు కూడా తడుముకోకుండా అంటారు. ఒక్క అక్షరంతో తెమిలే పనికి తెలుగు రెండో క్రియను పోషించలేదు, అంతే.

దీనికి ఒక అభ్యంతరం రావచ్చు. మంచుగడ్డను గ్లాసు నీళ్లలో వేస్తే ‘నీళ్లలో కరిగింది’ అంటాం కదా, అక్కడ ‘లో’ ఉందే! ఉంది. కానీ ఆ ‘లో’ చోటును మాత్రమే చెబుతోంది. మంచు ఆ నీళ్ల వేడిని లాక్కుని కరిగింది. కరిగాక అక్కడ ద్రావణమేమీ లేదు, నీళ్లలో నీళ్లు కలిశాయి. ఇంకా చిక్కైన చోటు కావాలంటే మంచు మీద ఉప్పు చల్లి చూడండి. మంచు పైన ఉండే పలచటి తడిలో ఉప్పు కరుగుతుంది. ఉప్పు నీళ్లు 0 డిగ్రీల దగ్గర గడ్డకట్టవు కాబట్టి ఆ పక్కనున్న మంచు కూడా కరుగుతుంది. ఉప్పు తాను కరుగుతూ మంచును కరిగిస్తోంది. ఒకే వాక్యంలో రెండు రకాల కరగడాలు వచ్చాయి, అయినా మీకు అర్థం కావడంలో ఇబ్బంది రాలేదు.

లోపల ఏం జరుగుతోందో చూస్తే ఈ ఒకే మాట ఎంత సబబో తెలుస్తుంది. నీటి అణువులో ఆక్సిజన్ పరమాణువుకు రెండు హైడ్రోజన్‌లు అతుక్కుని ఉంటాయి. మూడూ ఒకే గీత మీద ఉండవు, 104.5 డిగ్రీల కోణంలో వంగి ఉంటాయి. ఎలక్ట్రాన్లను ఆక్సిజన్ తనవైపు లాక్కుంటుంది. దాంతో అటువైపు కాస్త రుణావేశం, హైడ్రోజన్‌ల వైపు కాస్త ధనావేశం ఏర్పడతాయి. ఒక అణువు హైడ్రోజన్ పక్క అణువు ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది. మంచులో ఈ పట్లన్నీ ఒక పేర్పుగా బిగుసుకుని ఉంటాయి. వేడి తగిలితే కొన్ని పట్లు సడలి పేర్పు చెదురుతుంది. 0 డిగ్రీల దగ్గరున్న ఒక గ్రాము మంచును అదే 0 డిగ్రీల నీరు చేయడానికే 334 జౌళ్లు పడతాయి. అంత వేడితో ఒక గ్రాము నీటిని 0 నుంచి దాదాపు 80 డిగ్రీల దాకా కాచవచ్చు. మంచు కరగడానికి అంతసేపు పట్టడం ఇందుకే.

ఉప్పు స్ఫటికంలోనూ ఒక పేర్పు ఉంది. ధనావేశంతో సోడియం అయాన్లు (ఆవేశమున్న పరమాణువులను అయాన్లంటారు), రుణావేశంతో క్లోరిన్ అయాన్లు (వీటినే క్లోరైడ్ అంటారు) వరసలు తీరి ఉంటాయి. నీటి అణువులు ఆక్సిజన్ వైపుతో సోడియంను, హైడ్రోజన్ వైపుతో క్లోరైడ్‌ను చుట్టుముట్టి ఒక్కొక్కదాన్నే ఊడదీస్తాయి. నీళ్లలో వాటి మధ్య ఆకర్షణ సుమారు 80వ వంతుకు పడిపోతుంది కాబట్టి మళ్లీ అతుక్కోవు. 801 డిగ్రీల మంట చేసే పనిని నీళ్లు ఏ హడావుడీ లేకుండా చేసేశాయి. చక్కెర అయాన్లుగా విడిపోదు, దాని అణువులు దేనికవే విడివిడిగా నీళ్లలోకి వెళ్తాయి. మంచైనా, ఉప్పైనా, చక్కెరైనా జరిగింది పేర్పు విడిపోవడమే. ‘కరుగు’ అన్న మాట పట్టుకున్నది దాన్నే. విడదీసింది వేడా నీళ్లా అన్నది విభక్తికి వదిలేసింది.

ప్రాణం నడిచేది ఈ రెండో రకం కరగడం మీదనే. రక్తంలో సోడియం, పొటాషియం, గ్లూకోజ్ కరిగి ఉంటేనే కణాల దాకా చేరతాయి. చేప పీల్చేది నీటి అణువులో ఉన్న ఆక్సిజన్‌ను కాదు, నీళ్లలో కరిగిన ఆక్సిజన్‌ను. లీటరు మంచినీటిలో 20 డిగ్రీల దగ్గర అది సుమారు 9 మిల్లీగ్రాములు, 30 డిగ్రీలకు వచ్చేసరికి ఏడున్నరకు పడిపోతుంది. ఇక్కడ కరిగింది వాయువు కాబట్టి ‘ద్రవీభవించింది’ అంటే అర్థం పూర్తిగా మారిపోతుంది. ఆక్సిజన్ ద్రవం కావాలంటే సున్నాకు దిగువన 183 డిగ్రీల చలి కావాలి! నూనె నీళ్లలో కరగకపోవడం కూడా మనకు మేలే. కణం చుట్టూ ఉండే పొర కొవ్వు పదార్థం. అది కూడా కరిగేదైతే కణంలో లోపల, బయట అనే తేడాయే ఉండదు.

కొవ్వు మాట వచ్చింది కాబట్టి, ‘వ్యాయామంతో కొవ్వు కరిగింది’ అనే వాడుకలో కరగడం ఈ రెండు రకాల్లో దేనికీ చెందదు. కొవ్వు శరీరంలో ఆక్సిజన్‌తో కలిసి మారిపోతుంది. దాని బరువులో 84 శాతం దాకా కార్బన్ డై ఆక్సైడ్‌గా ఊపిరిలో బయటికి పోతుంది, మిగతాది నీరవుతుంది. డబ్బు కరిగింది, కాలం కరిగింది అన్నట్టుగా ఇదీ ‘తరిగింది’ అనే అర్థంలో వచ్చిన వాడుక. మాటగా తప్పు లేదు, సైన్సు జవాబులో మాత్రం పనికిరాదు.

‘కరిగిపోయింది’ అనేటప్పుడు కూడా కాస్త జాగ్రత్త. ఆ ‘పోయింది’ వల్ల చక్కెర ఎక్కడికో పోయిందని పిల్లలు అనుకుంటారు. అది ఎక్కడికీ పోలేదు. నీళ్లు ఇగిరిపోతే గిన్నె అడుగున మళ్లీ కనిపిస్తుంది. పాఠంలో ‘కరిగింది’ చాలు. రాసేటప్పుడు ‘కరుగడం’ కాదు, ‘కరగడం’. పెరుగు – పెరగడం, మరుగు – మరగడం లాగానే ఇదీ.

ఇక రెండో ప్రశ్న. ‘నీరులో’ సరికాదు. నోరు – నోటిలో, ఏరు – ఏటిలో అన్నట్టే నీరు – నీటిలో. ‘నీళ్లలో’ అన్నది బహువచన రూపం, అదీ సరైనదే. క్రియ మాత్రం దానికి తగ్గట్టు ఉండాలి: నీరు మరిగింది, నీళ్లు మరిగాయి. ‘నీళ్లు మరిగింది’ అని రాస్తే మాత్రం టీచర్ మళ్లీ కొట్టేస్తారు.