కుందేలు అల్లరి సంగతి తర్వాత.. ముందు ఆ సిరప్ ఆపండి

ప్రశ్న: డాక్టరు గారూ, మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. మా అబ్బాయి ముచ్చటపడితే కిందటేడు రెండు తెల్ల కుందేళ్లు కొన్నాం. రెండూ ఆడవేనని అమ్మినాయన చెప్పాడు. ఒకదాన్ని మా చెల్లెలికి ఇచ్చేసి నెల కావస్తోంది. మా దగ్గరున్నది నాలుగైదు రోజులుగా ఒకటే గోల. రాత్రంతా బోను తీగలు కొరుకుతుంది, గిన్నెలు బోర్లించేస్తుంది, గడ్డంతా మూలకు లాక్కుపోతుంది. చెయ్యి పెడితే కరవడానికి వస్తోంది. గుండె మీద బొచ్చు పీకేసుకుంటోంది. నిన్నటి నుంచి మేత సరిగా తినడం లేదు. జ్వరమేమోనని మా బాబుకు వాడగా మిగిలిన అమాక్సిసిలిన్ సిరప్ రెండు పూటలు పట్టాను. తీగలకు కారమో వేపనూనో రాస్తే ఈ కొరుకుడు మానుతుందా?

జవాబు: కారం సంగతి చివర్లో చెబుతాను. మూడో డోసు మాత్రం పట్టకండి.

మీ బాబుకు మేలు చేసిన మందే కుందేలు ప్రాణం తీయగలదు. దానికి గడ్డి అరగాలంటే పేగులోని మంచి బ్యాక్టీరియా ఉండాలి. అమాక్సిసిలిన్ నోటి ద్వారా వెళితే అవి చచ్చి, విషం పుట్టించే రకాలు పెరుగుతాయి. ఒకట్రెండు రోజులు బాగానే ఉన్నట్టు కనిపించి తర్వాత విరేచనాలు పట్టుకుంటాయి. కుందేలు వాంతి కూడా చేసుకోలేదు, లోపలికి వెళ్లింది లోపలే ఉంటుంది. ఇంట్లో మిగిలిన సీసా, కోళ్ల షెడ్డు పొడి, మెడికల్ షాపు కుర్రాడి సలహా.. మన వైపు ఈ సొంత వైద్యం మరీ ఎక్కువైపోయింది. కుక్కకు గోమార్లకు కొట్టే ఫిప్రోనిల్ స్ప్రేని కుందేలుకీ కొట్టి, అది వణుకుతుంటే ఎత్తుకొచ్చేవాళ్లున్నారు. ఏమీ పట్టకుండా తీసుకొచ్చినా మాకు సగం పని తగ్గుతుందండీ.

ఇప్పుడే వెళ్లి బోను కింద పెంటికలు చూడండి. గుండ్రంగా, పొడిగా, మామూలుగా పడుతుంటే కొంత నయం. బాగా చిన్నవైనా, పలచబడినా, పది పన్నెండు గంటలుగా అసలు పడకపోయినా, పొట్ట బిగిసినా, పళ్లు పటపటా కొరుకుతూ ముడుచుకు కూర్చున్నా రేపటిదాకా ఆగొద్దు. దగ్గర్లోని పశువైద్యశాలకు తీసుకెళ్లండి. సిరప్ సీసా, కాసిని పెంటికలు కూడా పట్టుకెళ్లండి. ఎంత పట్టారో దాచకుండా చెప్పండి.

ఇక అల్లరి. చూడకుండా తేల్చి చెప్పలేను గానీ, బొచ్చు పీకి మూలకు గడ్డి చేరవేస్తోందంటే అది గూడు కట్టుకుంటోంది. రెండూ ఆడవే అన్న మాట అంత నమ్మకండి, చిన్నప్పుడు పోల్చుకోవడం అమ్మేవాళ్లకూ కష్టమే. కుందేలు 30-32 రోజుల్లో ఈనుతుంది. రెండు ఆడవే ఒకదాని మీదొకటి ఎక్కినా ఉత్తుత్తి చూలు వస్తుంది, కానీ అది 16-18 రోజుల్లో సర్దుకోవాలి. జత విడిపోయి నెల కావస్తోందంటే నాకు అసలు చూలు మీదే అనుమానం. పొట్ట నొక్కి చూడకండి. అది లోపల తిరగగలిగే చెక్కపెట్టె ఒకటి, పొడి గడ్డితో బోనులో పెట్టండి. పీకిన బొచ్చు తీసి పారేయకండి, పిల్లలకు దుప్పటి అదే. తల్లి రోజుకు ఒకట్రెండుసార్లు, అదీ నాలుగైదు నిమిషాలే పాలిస్తుంది. వదిలేసిందని కంగారుపడి ఆవుపాలు పట్టకండి. ఈనే ముందు మేత కాస్త తగ్గడం ఉంటుంది, కానీ ఆ సిరప్ పడ్డాక అదే కారణమని నేను అనుకోలేను. చూపించాల్సిందే.

చూలు కాదని డాక్టరు చెబితే అప్పుడు పళ్లూ, బోనూ చూడాలి. కుందేలు పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. ఉత్త బియ్యం, బ్రెడ్డు, బిస్కెట్లతో పెంచితే అరగవు, తీగలే కొరుకుతుంది. ఎప్పుడూ గడ్డి ముందుండాలి. ఎండు వరిగడ్డి ఒక్కటే చాలదు, పచ్చి గరిక, జామ రెమ్మలు వేయండి. చేల గట్ల మీద గడ్డి కోసేటప్పుడు మాత్రం ఆ పక్క మందు కొట్టారేమో కనుక్కోండి. మూడు గెంతులు వేయడానికి చాలని బోనులో ఏ కుందేలైనా గోల చేస్తుంది. తీగల నేలైతే మడమలు పుళ్లు పడతాయి, పలక వేయండి. రేకుల కింద ఉంచితే మన ఉక్కకు 30 డిగ్రీలు దాటగానే రొప్పుతుంది. గడ్డకట్టిన నీళ్ల సీసా గుడ్డ చుట్టి పక్కన పెట్టండి.

ఈ గొడవలన్నీ సర్దుకున్నాక గర్భసంచి తీయించే ఆలోచన చేయండి. ఆడ కుందేళ్లకు మూడు నాలుగేళ్లు దాటాక గర్భసంచి క్యాన్సర్ బాగా వస్తుంది, ఆపరేషన్‌తో ఈ కరవడాలూ తగ్గుతాయి. అన్నిచోట్లా చేయరు. గన్నవరం వెటర్నరీ కాలేజీ ఆస్పత్రిలో అడిగి చూడండి.

కారం, వేపనూనె రెండూ వద్దు. నోరు మండితే తినే ఆ కాస్త గడ్డి కూడా మానేస్తుంది.