గిట్ క్లోన్ 99 శాతం దగ్గర ఆగిందంటే నిజంగా ఆగినట్టేనా?

మీ ప్రశ్నలో రెండు విషయాలున్నాయి. కోడ్ మార్పుల చరిత్రను దాచే సాధనమైన గిట్‌తో పెద్ద రిపోజిటరీని (ఫైళ్లు, వాటి చరిత్ర ఉండే నిల్వను) స్క్రిప్టు నుంచి క్లోన్ చేస్తే, అంటే మన కంప్యూటర్లోకి నకలు దించుకుంటే, తెరమీద ఒక్క ముక్కా రావడం లేదు. అదే టెర్మినల్లో నడిపితే 99 శాతం దాకా వచ్చి కదలడం లేదు.

మొదటిది తేలిక. గిట్ ప్రోగ్రెస్‌ను స్టాండర్డ్ ఎర్రర్‌కు (ప్రోగ్రాములు సందేశాలు పంపే దారికి) రాస్తుంది, అదీ అవతల టెర్మినల్ ఉంటేనే. స్క్రిప్టు దాన్ని లాగ్ ఫైల్లోకి మళ్లిస్తే టెర్మినల్ లేదని చూసి మౌనంగా ఉండిపోతుంది. కమాండ్‌కు --ప్రోగ్రెస్ చేర్చండి, చాలు. అయితే గిట్, కర్సర్‌ను వరుస మొదటికి తెచ్చే క్యారేజ్ రిటర్న్‌తో అదే వరుసను మళ్లీ మళ్లీ చెరిపి రాస్తుంది కాబట్టి లాగ్‌లో అంతా ఒకే పొడుగాటి వరుసగా పడుతుంది. ‘టీఆర్’ కమాండ్‌తో ఆ క్యారేజ్ రిటర్న్‌లను న్యూలైన్లుగా మార్చుకుంటే చదవొచ్చు.

రెండోదాని గురించి కాస్త వివరంగా చెప్పాలి. మా టీమ్ రిపోజిటరీలో డిజైన్ ఫైళ్లు, పాత బైనరీలు చాలా ఉన్నాయి. కొత్తగా చేరినవాళ్లు 99 దగ్గర విసుగొచ్చి కంట్రోల్-సీ కొట్టేవారు. అలా మధ్యలో ఆపితే గిట్ అప్పటిదాకా దించుకున్నదంతా తుడిచేస్తుంది. మళ్లీ మొదటినుంచీ మొదలు. వాళ్ల పూట పూటంతా అలా పోవడం చూసి నాకు బాధేసేది.

ఆ శాతం ఆబ్జెక్టుల (గిట్ విడివిడిగా దాచుకునే ముక్కల) లెక్క. బైట్లదీ కాదు, సమయానిదీ కాదు. నాలుగు వరుసల కమిట్ (ఒకసారి నమోదు చేసిన మార్పు) ఒక ఆబ్జెక్టే, వందల ఎంబీల బైనరీ కూడా ఒక ఆబ్జెక్టే. ‘రిసీవింగ్ ఆబ్జెక్ట్స్: 99% (7990/8000), 1.31 జీఐబీ | 2.40 ఎంఐబీ/సె’ అని కనిపించిందనుకోండి. శాతం కదలకపోయినా పక్కనున్న 1.31 కాస్త కాస్తగా పెరుగుతుంటే ఏదో పెద్ద ఫైలు వస్తోందని అర్థం. ఆపకండి. నేనైతే శాతం వైపు చూడను, ఆ బైట్ల అంకెనే చూస్తాను.

వరుస మొదట్లో ఉన్న పేరు కూడా చదవండి. ‘రిమోట్:’ అని ఉంటే పని సర్వర్ దగ్గర జరుగుతోంది, ఆబ్జెక్టులను లెక్కపెట్టి కుదించి కడుతోంది. ‘రిజాల్వింగ్ డెల్టాస్’ వచ్చిందంటే డౌన్‌లోడ్ అయిపోయింది, తేడాలుగా వచ్చిన ఆబ్జెక్టులను గిట్ తిరిగి కూరుస్తోంది, ఇక పని మీ ప్రాసెసర్‌ది, డిస్క్‌ది. ఆ దశలో ఇంటర్నెట్‌ను తిట్టుకుని లాభం లేదు. ‘అప్‌డేటింగ్ ఫైల్స్’ అంటే ఫైళ్లను డైరెక్టరీలో పరుస్తోంది. ఇది మామూలుగా పనికి కాస్త సమయం పడితేనే కనిపిస్తుంది, కాబట్టి చిన్న రిపోజిటరీల్లో మీరు చూసి ఉండరు.

బైట్లూ కదలక, ప్రాసెసరూ ఖాళీగా ఉంటేనే నిజంగా అనుమానించాలి. అప్పుడు గిట్_ట్రేస్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కు 1 ఇచ్చి మళ్లీ నడిపితే ఏ లోపలి కమాండ్ దగ్గర చిక్కుకుందో తెలుస్తుంది.

మీ కనెక్షన్ తరచూ తెగుతుంటే మాత్రం ఒకేసారి మొత్తం క్లోన్ చేయొద్దు. --డెప్త్ 1తో తాజా కమిట్ మాత్రమే దించుకుని, తర్వాత గిట్ ఫెచ్ --డీపెన్‌తో చరిత్రను విడతలుగా తెచ్చుకోండి. ఒక విడత మధ్యలో తెగినా అంతకుముందు పూర్తయిన విడతలు భద్రంగా ఉంటాయి. మా కొత్తవాళ్లకు ఇప్పుడు ఇదే పద్ధతి చెబుతున్నాం.