అమ్ములూ, ముందు సామాను, తర్వాతే సంచి

చి. అమ్ములుకి మావయ్య ఆశీస్సులు.

ఫ్లై ఫిషింగ్‌కి పట్టుకెళ్ళే సంచి కోసం నువ్వు వాట్సాప్‌లో పంపిన మూడు బ్యాగుల ఫొటోలూ చూశాను. "ఏది కొనమంటావు మావయ్యా, తొందరగా చెప్పు, ఆఫర్ రేపటితో అయిపోతోంది" అన్నావు. ఆఫర్లకేం, మళ్ళీ వస్తాయి, దాని గురించి టెన్షన్ పడకు. ఫోన్‌లో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదని కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ఒక పని చెయ్యి. మంచం మీద పాత దుప్పటి పరిచి, ఫ్లై ఫిషింగ్‌కి నువ్వు నిజంగా పట్టుకెళ్ళే సామానంతా దాని మీద పెట్టు. ఇంట్లో ఉన్నదంతా కాదు, రుషికొండకో, మంగమారిపేట రాళ్ళ దగ్గరికో, భీమిలిలో గోస్తని సముద్రంలో కలిసే మొగ దగ్గరికో వెళ్ళినప్పుడు చెయ్యి పెట్టి తీసేది మాత్రమే. రాడ్డూ రీలూ చేతిలోనే ఉంటాయి కాబట్టి అవి సంచి లెక్కలోకి రావు. ఇక మిగిలేవి ఫ్లైలు, అదే ఈకలతో వెంట్రుకలతో కట్టిన ఎర గాలాలు, పెట్టుకునే రెండు బాక్సులు, లైన్ కొసకి కట్టే సన్నటి దారాలు, అంటే లీడర్లు, పెట్టుకునే చిన్న పర్సు, లీడర్ చివర కట్టే ఇంకా సన్నటి టిప్పెట్ దారం చుట్టలు రెండు మూడు, కాస్త వైరు, ప్లయర్, దారం కత్తిరించే నిప్పర్, గాలం ముల్లు పదును పెట్టే చిన్న ఆకురాయి, లీటరు నీళ్ళ సీసా, సన్‌స్క్రీన్, ఫోను, స్కూటీ తాళం. ఇంతకంటే ఎక్కువ పరిచావంటే అందులో సగం ఎప్పుడూ బయటికి తీయనిదే అయి ఉంటుంది.

ఇప్పుడు స్కేలు తెచ్చి ఫ్లై బాక్సు మందం కొలువు. ఆన్‌లైన్‌లో దొరికే ఫ్లై ఫిషింగ్ బ్యాగులు చాలావరకు చల్లటి ఏటి నీళ్ళలో ట్రౌట్ చేపలు పట్టేవాళ్ళ కోసం చేసినవి. ట్రౌట్ ఫ్లైలు చిన్న చిన్న పురుగుల్లా ఉంటాయి, వాటి బాక్సులు పల్చన, ఆ బ్యాగుల జేబులూ అందుకు తగ్గట్టే పల్చన. మనం పండుగప్ప చేపకో, పార చేపకో వాడే క్లౌజర్ మినో సంగతి వేరు. 1980ల్లో అమెరికాలో బాబ్ క్లౌజర్ అనే ఆయన తయారుచేసిన ఫ్లై అది. ముందు భాగంలో డంబెల్ లాంటి బరువైన కళ్ళుంటాయి కాబట్టి నీళ్ళలో తలకిందులై, ముల్లు పైకి ఉండేలా ఈదుతుంది. ఆ కళ్ళ వల్లే బాక్సు లోతుగా ఉండాలి. లోతు బాక్సుని ఆ పల్చటి జేబులో దూర్చితే జిప్పు సగంలో ఆగిపోతుంది. బ్యాగు వివరాల్లో ఎన్ని లీటర్లో పెద్ద అక్షరాలతో రాస్తారు గానీ జేబు లోతు రాయరు. అమ్మేవాణ్ణి అడుగు, లేకపోతే కొన్నవాళ్ళు పెట్టిన ఫొటోల్లో చూసి అంచనా వెయ్యి.

నా లెక్కలో నీకు ఏడెనిమిది లీటర్లు చాలు. నీళ్ళతో కలిపి రెండున్నర కిలోలు దాటనివ్వకు, పొద్దున్నంతా భుజం మీద మోసేది నువ్వే.

ఇక నీ ఫొటోల సంగతి. మొదటిది, పాతిక లీటర్ల బ్యాక్‌ప్యాక్, తీసి పక్కన పెట్టు. చిన్న వస్తువు కావాలన్నా దాన్ని దించి ఇసకలో పెట్టాలి. పెట్టిన ప్రతిసారీ జిప్పులోకి ఇసక పోతుంది.

మూడోది నడుముకి కట్టుకునేది. చాలామంది దీన్నే మెచ్చుకుంటారు, భుజాలకి హాయి కూడా. కానీ మన కెరటాల్లో లాగిన లైన్ కాళ్ళ దగ్గర పడితే నీళ్ళు దాన్ని ఈడ్చుకుపోయి ముడులు వేస్తాయి కాబట్టి నడుముకి ముందువైపు స్ట్రిప్పింగ్ బాస్కెట్, అంటే లాగిన లైన్ పడే తొట్టి, కట్టుకోక తప్పదు. ఒకే నడుము మీద రెండు బెల్టులంటే ఒకటి కిందికి జారితే రెండోది పైకి ఎక్కుతుంది. పైగా నువ్వు డబుల్ హాల్, అదే విసిరేటప్పుడు రెండో చేత్తో లైన్‌ని రెండుసార్లు గుంజి వేగం పెంచే పద్ధతి, నేర్చుకుంటున్నావు కదా. ఎడమ చేత్తో లైన్‌ని కిందికి గుంజినప్పుడు ఆ చెయ్యి ఎక్కడికి వచ్చి ఆగుతుందో ఒకసారి అద్దంలో చూసుకో. సరిగ్గా తుంటి పక్కకి వస్తుంది. అక్కడ సంచి జేబు ఉబ్బి ఉంటే ప్రతి గుంజుకీ వేళ్ళు దానికి తగులుతాయి. ఇంకో మాట, నడుము సంచి మోకాలు దాటిన కెరటం వచ్చిందంటే తడిసిపోతుంది.

నువ్వు పంపలేదు గానీ ఎవరైనా ఛాతీ మీద కట్టుకునేది చూపిస్తారు, అన్నీ కళ్ళ ముందే ఉంటాయంటారు. నిజమే, కాళ్ళు తప్ప అన్నీ కనిపిస్తాయి. తెన్నేటి పార్కు కింద, యారాడ కొండ దిగువన పాచి పట్టిన రాళ్ళ మీద అడుగు ఎక్కడ వేస్తున్నావో కనపడకపోతే ఎలా? అది వద్దు. బోలెడు జేబులుండే చేతుల్లేని కోటు, వెస్టు కూడా వద్దు. 1930ల్లో లీ వుల్ఫ్ అనే ఆయన దాన్ని తన చల్లటి దేశంలో తన కోసం కుట్టుకున్నాడు. మన ఏప్రిల్ ఉక్కలో చొక్కా మీద ఇంకో చొక్కా వేసుకోవడం ఆయన కూడా ఒప్పుకోడు.

మిగిలింది రెండో ఫొటో, ఒక భుజం మీద అడ్డంగా వేసుకునే స్లింగ్. నా ఓటు దానికే. వీపు మీద ఎత్తుగా ఉంటుంది, తడవదు, నడుమంతా బాస్కెట్‌కి వదిలేస్తుంది. ఏదైనా కావాలంటే ముందుకి తిప్పుకుని, మూత తెరిచి, నిలబడిన చోటే పని కానిచ్చుకోవచ్చు. అయితే స్లింగ్ అని పేరుంటే చాలదు, మూడు చూడాలి.

మొదటిది, పట్టీ ఏ భుజం మీద పడుతుందో. నువ్వు కుడిచేత్తో విసురుతావు కాబట్టి పట్టీ ఎడమ భుజం మీద పడాలి, కుడి భుజం ఖాళీగా ఉండాలి. కొన్ని బ్యాగులు ఒక వైపుకే కుదురుతాయి, తిప్పి వేసుకుంటే జేబులు తలకిందులవుతాయి. రెండోది, చంక కింద నుంచి వచ్చి బిగించే చిన్న అడ్డపట్టీ. అది లేకపోతే రాళ్ళ మీద వంగినప్పుడు సంచి మొత్తం గిర్రున ముందుకొచ్చి, నిన్ను కూడా ముందుకి లాగుతుంది. ఆ పట్టీ బకిల్ ఒక చేత్తో, చూడకుండా ఊడిరావాలి. ఆర్కే బీచ్‌లో, యారాడలో లోపలికి లాగే నీళ్ళు ఎంతమందిని పొట్టన పెట్టుకున్నాయో నీకు చెప్పక్కర్లేదు. మోకాలి లోతు దాటి దిగనని మీ అమ్మకి మాటిచ్చావు, మంచిదే. అయినా కెరటం పడేస్తే సంచిని వదిలించుకోవడం క్షణంలో పనిగా ఉండాలి.

మూడోది, పట్టీ పొడవు. నువ్వు కాస్త పొట్టిదానివి, కోపం తెచ్చుకోకు. ఆరడుగుల మనుషుల కొలతకి కుట్టిన పట్టీని పూర్తిగా బిగించినా సంచి నీకు తుంటి మీదికి జారుతుంది. అప్పుడు అది స్లింగ్ కాదు, మళ్ళీ నడుము సంచే. బిగించాక మిగిలిన పట్టీ కొస వేలాడకూడదు, లైన్ పోయి దానికే చుట్టుకుంటుంది. మడిచి రెండు కుట్లు వేయించు. పూర్ణా మార్కెట్ వైపు బ్యాగులు బాగుచేసేవాళ్ళు అయిదు నిమిషాల్లో కుట్టి ఇస్తారు.

లైన్ చుట్టుకోవడం అన్నాను కాబట్టి చెబుతున్నాను, ముందువైపు ఏదీ వేలాడదీయకు. రింగులు, క్లిప్పులు, లాగితే సాగి మళ్ళీ వెనక్కి పోయే దారం చుట్టలు చూడటానికి ముచ్చటగానే ఉంటాయి. నువ్వు విసిరినప్పుడు బాస్కెట్‌లోంచి లైన్ ఉరుకులు పెడుతూ పైకి లేస్తుంది, గాలికి పక్కకి కొట్టుకుంటూ దొరికినదాన్ని పట్టుకుంటుంది. కొన్ని బ్యాగుల ముందు ఫ్లైలు గుచ్చుకోవడానికి స్పాంజి ముక్క అతికించి ఉంటుంది, అది పీకెయ్. ఉప్పుగాలికి ఆ ముళ్ళు తుప్పు పడతాయి, పిల్లలు తిరిగే బీచ్‌లో ప్రమాదం కూడా. బయట ఉండాల్సింది ప్లయర్ ఒక్కటే, అదీ ఒరలో, కుడిచేతికి అందేలా. జెల్ల చేప పడిందనుకో, దాని ముళ్ళు గుచ్చుకుంటే మంట గంటల తరబడి తగ్గదు. ఒక చేత్తో లీడర్ పట్టుకుని రెండో చేత్తో ప్లయర్ లాగగలగాలి, అప్పుడు జిప్పులు వెతుక్కుంటూ కూర్చోకూడదు.

వాటర్‌ప్రూఫ్ మీద నీకు చాలా మోజున్నట్టుంది. ఐపీఎక్స్7 అని రాసి ఉంటే మీటరు లోతు నీళ్ళలో అరగంట ఉంచినా లోపలికి నీళ్ళు రావని అర్థం. ఉత్త "వాటర్ రెసిస్టెంట్" అంటే చినుకులు తట్టుకుంటుంది, అంతే. ఐపీఎక్స్7 సంచి ధర నీ జీతానికి భారం కాకపోవచ్చు గానీ, నా అభిప్రాయంలో ఇక్కడ అనవసరం. బయటి నీళ్ళని రానివ్వని సంచి లోపలి తేమని కూడా పోనివ్వదు. తడి ఫ్లైలు అందులో పెట్టి మూసి ఇంటికొచ్చి మర్చిపోయావంటే రెండు రోజుల్లో ముళ్ళ మీద ఎర్రటి తుప్పు మచ్చలు చూస్తావు. మామూలు గట్టి నైలాన్ సంచి తీసుకుని, ఫోనుకీ తాళానికీ ఒక చిన్న డ్రై పౌచ్ విడిగా పెట్టుకో.

డబ్బు పెట్టాల్సింది జిప్పు మీద. ఉప్పు ముందు తినేది జిప్పుని లాగే ముక్కనే, అదే రన్నర్‌నే. పళ్ళు ప్లాస్టిక్‌వైనా, రన్నర్ లోహానిదైతే మొదట ఆకుపచ్చో తెలుపో పొడిలా పేరుకుంటుంది, తర్వాత బిగుసుకుంటుంది, ఆ తర్వాత లాగితే పిడి చేతికొస్తుంది. లావు పళ్ళ ప్లాస్టిక్ జిప్పు చూసుకో. బీచ్ నుంచి రాగానే బ్యాగు ఖాళీ చేసి, జిప్పులన్నీ తెరిచి, బకెట్ మంచినీళ్ళలో ముంచు. నీళ్ళలోనే రన్నర్‌ని అటూ ఇటూ లాగు, పళ్ళ సందుల్లో పాత టూత్‌బ్రష్‌తో రుద్దు, ఇసక రేణువులు అడుగుకి దిగడం కనపడుతుంది. తలకిందులుగా నీడలో ఆరెయ్యి. ఆరాక పళ్ళ మీద కొవ్వొత్తి ముక్కతో గియ్యి.

డీట్ అనే రసాయనం ఉన్న, ఒంటికి రాసుకునే దోమల మందు వాడితే దాన్ని బయటి జేబులో, ప్లాస్టిక్ కవర్లో కట్టి పెట్టు. ఫ్లై లైన్ మీది ప్లాస్టిక్ పూతని అది కరిగిస్తుంది. రాసుకున్న చేతుల్తో లైన్ ముట్టుకోకు.

రాడ్ ట్యూబు సంగతి అడిగావు. తొమ్మిదడుగుల రాడ్ నాలుగు ముక్కలైతే ట్యూబు ముప్పావు మీటరు పైనే ఉంటుంది. సంచి అడుగున అడ్డంగా కట్టి స్కూటీ మీద వెళ్ళకు, బీచ్ రోడ్డులో పక్కనుంచి పోయే ఆటోకి తగులుతుంది. నిలువుగా కట్టే పట్టీలుంటే సరే, లేదంటే విడిగా వీపుకి తగిలించుకో. ఎప్పుడైనా హిమాచల్‌లో తీర్థన్ లోయకి ట్రౌట్ కోసం వెళ్తే ఈ ట్యూబు క్యాబిన్ బ్యాగు కొలతలో పట్టదు, ప్లయరూ గాలాలూ చెకిన్ సామానులోనే వెయ్యాలి. ఆ సంగతి అప్పుడు చూద్దాం.

రంగు నలుపు వద్దు, ఎండకి లోపలంతా కాలిపోతుంది. బూడిదరంగో ఇసకరంగో తీసుకో. లోపలి గుడ్డ లేతరంగుదైతే తెల్లవారుజాము చీకట్లో నిప్పర్ కనపడుతుంది.

వచ్చాక ట్యాగులు కత్తిరించకు. సామానంతా సర్ది, బాస్కెట్ కూడా కట్టుకుని, మేడ మీద అరగంట విసిరి చూడు. లైన్ ఎక్కడైనా తట్టుకుంటే ఎక్కడ తట్టుకుందో నాకు రాయి, పట్టీ సర్దితే పోయేదో కాదో చెబుతాను. పోయేది కాకపోతే వెనక్కి పంపెయ్. కొసకి ఫ్లై కట్టకు, ఎర్ర ఊలు ముక్క చాలు. మీ పక్క మేడ మీద ఎప్పుడూ బట్టలు ఆరేసి ఉంటాయి.

ఇట్లు,
మావయ్య