మీటరులో 100, బిల్లులో 278 ఎందుకంటే
అన్నా, మీ జడ్చర్ల యూనిట్‌లో గ్యాస్ మీటరు 100 తిరిగితే బిల్లులో 278 పడుతోందని టెన్షన్ పడుతున్నారు కదా, అందులో చాలా వరకు న్యాయమైన లెక్కే. మీటరులోని మెకానికల్ కౌంటర్ లైన్ ప్రెషర్ దగ్గరే, అంటే పైపులో నొక్కుకుని ఉన్న గ్యాస్‌ను అలాగే కొలుస్తుంది, ఎలక్ట్రానిక్ కరెక్టర్ దాన్ని బిల్లు వేసే ప్రామాణిక స్థితికి, అంటే 15 డిగ్రీలు, 1.01325 బార్‌కు మార్చి చూపిస్తుంది.

మీరు చెప్పిన 2 బార్ గేజ్‌కు (అంటే గాలి ఒత్తిడి కంటే పైన ఉన్న ఒత్తిడికి) మన దగ్గరి గాలి ఒత్తిడి సుమారు 0.955 కలిపి, 1.01325తో భాగించి, గ్యాస్ 35 డిగ్రీలుంది కాబట్టి దాన్ని 15 డిగ్రీలకు మార్చడానికి 0.935తో గుణించండి. మీటరులో 100కు 273 రావాలి. మిగతా 5 ఎక్కడిది? నా అనుమానం, మీ కరెక్టర్‌లో ఉన్నది గేజ్ సెన్సార్, దానికి గాలి ఒత్తిడి చేత్తో సెట్ చేయాలి, అక్కడ సముద్రమట్టం విలువ 1.013 అలాగే వదిలేశారు. పాలమూరు దాదాపు 500 మీటర్ల ఎత్తులో ఉంది, అందుకే ప్రతి నెలా 2 శాతం అదనం!

గ్యాస్ కంపెనీని కరెక్టర్ కాన్ఫిగరేషన్ ప్రింటు (సెట్ చేసిన విలువల జాబితా), ఈవెంట్ లాగ్ (మార్పుల రికార్డు) రాతపూర్వకంగా అడగండి. ఒత్తిడిని కాగితం మీద గీసే పాత గుండ్రటి చార్టుల్లో ఇవి దొరికేవి కావు, ఇప్పుడు ఏ విలువ ఎప్పుడు మార్చారో తేదీతో సహా ఉంటుంది. అబ్సల్యూట్ సెన్సార్ (గాలి ఒత్తిడిని కూడా కలిపి తానే కొలిచేది) అని తేలితే మాత్రం క్యాలిబ్రేషన్ చేయించమనండి.