మలేరియా టీకా పరిశోధనలో చేరబోతున్న మేనకోడలికి

నల్లగొండ

చిరంజీవి సుజాతకు మేనమామ ఆశీస్సులు.

నీకు పరిశోధనలో సీటు వచ్చిందని అక్కయ్య చెప్పినప్పుడు చాలా సంతోషించాను. అయితే "ఇప్పటికే రెండు మలేరియా టీకాలు వచ్చాయి కదా మామయ్యా, నేను ఆలస్యంగా చేరుతున్నానేమో" అని నీవు రాసిన మాటకు మాత్రం కాస్త వివరంగా జవాబు చెప్పాలి. ఉద్యోగకాలమంతా పరాన్నజీవుల మధ్యనే గడిపినవాణ్ని కాబట్టి నాకు తోచినది రాస్తున్నాను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 అక్టోబరులో సిఫారసు చేసిన ఆర్‌టీఎస్,ఎస్ టీకా మీద పని 1987లోనే మొదలైంది. ఆక్స్‌ఫర్డ్ శాస్త్రవేత్తలు రూపొందించగా పుణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేస్తున్న ఆర్21 టీకాకు 2023 అక్టోబరులో సిఫారసు దక్కింది. ఈ రెండూ మలేరియా పరాన్నజీవులలో ఫాల్సిపారం అనే ఒక్క జాతి మీదనే, అది కూడా ఆ పరాన్నజీవి దోమ నుంచి మన ఒంట్లోకి వచ్చే స్పోరోజోయిట్ దశలో ఉన్నప్పుడు దాని ఒంటిని కప్పి ఉండే ఒకే ప్రోటీన్ మీదనే గురిపెట్టినవి. కాబట్టి మిగిలిన పని చాలానే ఉంది.

నీవు ముందుగా చేయవలసింది టీకాను పక్కన పెట్టి పరాన్నజీవి జీవితచక్రాన్ని క్షుణ్ణంగా చదవడం. రోనాల్డ్ రాస్ 1897లో సికింద్రాబాదులో దోమ కడుపులో దానిని చూసిన నాటి నుంచి మనకు తెలిసినది ఎంతో పెరిగింది గాని, అది పెట్టే చిక్కులు తగ్గలేదు. ఫాల్సిపారంలో అయిదు వేలకు పైగా జన్యువులున్నాయి. దోమ కుట్టినప్పుడు లోపలికి వచ్చిన స్పోరోజోయిట్లు రక్తంలో పడిన కొద్ది నిమిషాలలోనే కాలేయాన్ని చేరుకుంటాయి. అక్కడ ఒక్కటి తప్పించుకున్నా దాదాపు వారం రోజులలో వేల సంఖ్యలో పెరిగి ఎర్ర రక్తకణాల మీద పడుతుంది. అందుకే ఈ దశను అడ్డుకునే టీకాకు యాంటీబాడీలు అత్యధిక స్థాయిలో ఉండాలి, పైగా ఆ స్థాయి నిలవాలి. చిలీ దేశపు ఒక చెట్టు బెరడు నుంచి తీసిన సాపోనిన్లనే పదార్థాలను, టీకా ప్రభావాన్ని పెంచే అడ్జువెంట్లలో కలిపి ఆ స్థాయిని సాధించారు గాని, కొన్ని నెలలకే అది పడిపోతుంది కాబట్టి నాలుగో డోసు అవసరమైంది.

రక్తదశలో మరో చిక్కు ఉంది. రక్తకణం ఉపరితలం మీద పరాన్నజీవి ప్రదర్శించే ప్రోటీనుకు దాదాపు అరవై జన్యువులున్నాయి. మన పగటివేషగాళ్లు రోజుకొక వేషం కట్టినట్లు అది ఒకదాని తరువాత మరొకటి మార్చుకుంటూ పోతుంది. ఇక ఒకే ప్రోటీనులోనూ ప్రాంతాన్ని బట్టి రూపభేదాలుంటాయి. మాలి దేశంలో పిల్లల మీద పరీక్షించిన ఒక రక్తదశ టీకా ఫలితాలు 2011లో వచ్చాయి: మొత్తం మీద చెప్పుకోదగ్గ రక్షణ లేదు, టీకాలో వాడిన రకంతో సరిపోలిన పరాన్నజీవి మీద మాత్రం అరవై శాతానికి పైగా పనిచేసింది. నా దృష్టిలో ఆ పరీక్ష విఫలం కాదు. కొత్తగా చేరేవారు మొదట చదవవలసిన వాటిలో అది ఒకటి.

శాతాలను చూసి మోసపోకు. ఆర్‌టీఎస్,ఎస్ నాలుగు డోసులతో సుమారు నాలుగేళ్లలో 36 శాతం, ఆర్21 వ్యాధి ఉద్ధృతమయ్యే కాలానికి ముందు ఇస్తే ఏడాదిలో 75 శాతం మలేరియా కేసులను తగ్గించాయని విన్నవారు రెండవది రెట్టింపు మంచిదని తేల్చేస్తారు. కాలవ్యవధి వేరు, వేసిన రుతువు వేరు, ఊళ్లలో వ్యాధి తీవ్రత వేరు. 36 శాతాన్ని చిన్నచూపు చూడడమూ తగదు. ఆఫ్రికాలో ఒక్కో బిడ్డకు జ్వరం పదేపదే వస్తుంది కాబట్టి, ఆ పరీక్షలో టీకా వేసిన ప్రతి వెయ్యిమంది పిల్లలకు సగటున 1,774 కేసులు తప్పాయి.

ఎలుకలలో వచ్చిన ఫలితాలను చూసి టీకా చేతికి వచ్చేసిందనుకోకు. రేడియేషనుతో బలహీనపరచిన స్పోరోజోయిట్లు ఎలుకలను కాపాడతాయని రూత్ నుస్సెన్‌జ్వైగ్ 1967లోనే చూపారు, తరువాత మనుషులలోనూ అది నిజమని తేలింది. అయితే అలాంటి టీకా తయారీకి దోమలను పెంచి, వాటి లాలాజల గ్రంథులను కోసి తీసి, ఆ సరుకును ద్రవ నైట్రోజనులో నిల్వ చేయాలి. అమ్రాబాద్ అడవిలోని చెంచు పెంటలకు దానిని ఎలా మోసుకెళతామో ఆలోచించు.

నన్నడిగితే నీవు మలేరియా కలిగించే మరో జాతి అయిన వైవాక్స్‌ను ఎంచుకో. మన దేశంలో దాని వాటా పెద్దది, దాని మీద పనిచేసేవారు తక్కువ. ఫాల్సిపారాన్ని 1976 నుంచి ల్యాబులో నిరంతరాయంగా పెంచగలుగుతున్నారు. వైవాక్స్ లేత ఎర్రకణాలనే కోరుకుంటుంది కాబట్టి అలా పెంచడం ఈనాటికీ కుదరలేదు, నమూనా రోగి రక్తం నుంచే రావాలి. పైగా అది కాలేయంలో నెలల తరబడి నిద్రాణంగా ఉండి మళ్లీ లేస్తుంది. పాలమూరు నుంచి వలస వెళ్లి తిరిగొచ్చిన కూలీకి దసరా వేళ జ్వరం వస్తే, అది ఇక్కడి దోమ వల్లనా, పనిచోట పట్టుకున్నది తిరగబెట్టడం వల్లనా? టీకా పరీక్షలో ఆ కేసును ఏ లెక్కలో వేస్తావు? వలస వల్ల మధ్యలో జాడ తెలియకుండా పోయేవారి సంగతి సరేసరి.

మన జిల్లాల్లో కేసులు తగ్గడం సంతోషమే గాని పరీక్షకు అదే అడ్డంకి. ఏడాదికి నూటికొకరికే జ్వరం వచ్చే చోట, టీకా వేయని గుంపులో యాభై కేసులు చూడాలంటే ఆ గుంపులోనే అయిదు వేలమంది ఉండాలి. ప్రణాళిక రాసేముందు గణాంక నిపుణుడి దగ్గర కూర్చో; డేటా వచ్చాక వెళితే ఆయన చేయగలిగింది తక్కువ. సూక్ష్మదర్శినిలో రక్తపు స్లైడు చూడడం కూడా చేతికి బాగా అలవాటయ్యేదాకా నేర్చుకో, పరాన్నజీవి జన్యుపదార్థాన్ని పట్టే పీసీఆర్ పరీక్ష ఉంది కదా అని వదలకు.

చేరేముందు మీ ల్యాబుకు వైవాక్స్ నమూనాలు ఏ ఆసుపత్రి నుంచి వస్తాయో, రోగి దగ్గర తీసిన రక్తం ఎన్ని గంటలలో బల్ల మీదకు చేరుతుందో, తిరగబెట్టిన జ్వరాన్ని కొత్త జ్వరం నుంచి వాళ్లు ఎలా వేరుచేస్తున్నారో కనుక్కొని నాకు రాయి. ఆ జవాబులను బట్టి ఏ ప్రశ్న ఎంచుకోవాలో మనం కూర్చుని మాట్లాడుకుందాం.

మీ మామయ్య