పార్కింగ్ చాలని అపార్ట్‌మెంట్: సంతకం పెట్టాలా, వద్దా?

ప్రశ్న: ఉత్తర ఆస్టిన్‌లో సొంతింట్లో ఉంటున్నాం. మా వీధి చివరి పాత దుకాణాల వరస పడగొట్టి నాలుగంతస్తుల అపార్ట్‌మెంట్ కడతారట. తొంభై ఫ్లాట్లకి యాభై కార్ల చోటే చూపించారని పక్కింటాయన పిటిషన్ పట్టుకొచ్చారు. కొత్త భవనానికి ఇన్ని కార్ల చోటు ఉండి తీరాలన్న పార్కింగ్ నిబంధనని నగరం ఎత్తేసింది కాబట్టి ఆ కార్లన్నీ మా గుమ్మాల ముందుకే వస్తాయని ఆయన టెన్షన్. మాకు మూడు కార్లు. వరలక్ష్మీ వ్రతానికి నలుగురొస్తే ఇప్పటికే చోటు చాలదు. సంతకం పెట్టమంటారా?
– ఒక పాఠకుడు, ఆస్టిన్, టెక్సస్

జవాబు: మూడు కార్లని రాశారు గానీ, మీ గ్యారేజీలో ఎన్ని పడతాయో రాయలేదు. అక్కడ మనవాళ్ల గ్యారేజీలు నేనూ చూశాను. సోనా మసూరి బస్తాలు, మంచినీళ్ల కేసులు, రెండో ఫ్రిజ్, గోడకి ఆనించిన మడత కుర్చీలు. కార్లు మాత్రం వీధిలో. మీ పక్కింటాయన గ్యారేజీ కూడా ఓసారి తొంగి చూడండి.

సరే, రూలు సంగతి. ఇదివరకు ఆస్టిన్‌లో మామూలు ఇంటికి రెండు కార్ల చోటు, ఒక బెడ్‌రూమ్ ఫ్లాటుకి ఒకటిన్నర చొప్పున చూపిస్తేనే అనుమతి. డౌన్‌టౌన్‌లో ఈ లెక్క 2013లోనే పోయింది. 2023 నవంబరులో నగర కౌన్సిల్ ఊరంతటా తీసేసింది. అప్పటికి అమెరికాలో ఆ పని చేసిన అతి పెద్ద నగరం అదే. పోయింది బలవంతం ఒక్కటే. పార్కింగ్ కట్టుకుంటానంటే అడ్డు చెప్పేవాళ్లు లేరు, వికలాంగులకు కేటాయించాల్సిన చోటు ఇప్పటికీ తప్పనిసరి. అడిగేవాళ్లు లేకపోయినా మీ బిల్డర్ యాభై చూపించాడు చూడండి. కారు పెట్టుకునే చోటు లేకపోతే టెక్సస్‌లో ఫ్లాట్లు అద్దెకి పోవని వాడికీ తెలుసు, వాడికి అప్పిచ్చే బ్యాంకుకీ తెలుసు. న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో 2017లోనే ఈ నిబంధన తీసేసింది. తర్వాత వచ్చిన పెద్ద భవనాలను పరిశోధకులు లెక్క చూస్తే, పాత రూలు కంటే తక్కువ చోటు ఇచ్చినవి 47 శాతం. మిగతావాళ్లు అడక్కుండానే పాత లెక్క ప్రకారమో, ఇంకా ఎక్కువో కట్టారు.

ఇంతకీ ఎందుకు తీసేశారంటారా? అంతస్తులుగా కట్టే పార్కింగ్‌లో ఒక్క కారు చోటుకి పదుల వేల డాలర్లవుతుంది. అది అద్దెలో కలుస్తుంది. బస్సెక్కి యూనివర్సిటీకి పోయే మన పిల్లాడు కూడా లేని కారుకి అద్దె కడుతున్నట్టే. అలాగని 2022 తర్వాత ఆస్టిన్‌లో అద్దెలు తగ్గడం ఈ రూలు పుణ్యమేనని ఎవరన్నా అంటే నమ్మకండి. అప్పుడు మార్కెట్లోకి వచ్చిన కొత్త ఫ్లాట్లలో ఎక్కువ భాగం రూలు మారకముందే మొదలైనవి.

పిటిషన్ విషయానికొస్తే, పక్కింటాయన్ని ఒక్కటే అడగండి: ఇది రీజోనింగ్ కేసా (అంటే ఆ స్థలంలో ఏం కట్టొచ్చన్న నియమాన్నే మార్చమనడం), ఉత్త సైట్ ప్లానా (ఉన్న నియమం ప్రకారమే కట్టే నమూనా)? జోనింగ్ మార్చాలంటే కౌన్సిల్ ఓటు కావాలి, అక్కడ ఇరుగుపొరుగు రాసిచ్చే అభ్యంతరానికి టెక్సస్ చట్టంలో కొంత విలువుంది. సైట్ ప్లాన్ అయితే అధికారులు రూల్‌తో సరిచూసి పంపేస్తారు, రూల్‌లో పార్కింగ్ లెక్కే లేనప్పుడు మీ సంతకాలు ఎక్కడ పనిచేస్తాయి? అన్నట్టు, చిరునామాలో ఆస్టిన్ అని ఉన్నంత మాత్రాన నగర పరిధిలో ఉన్నట్టు కాదు. సీడర్ పార్క్, రౌండ్ రాక్ వేరే నగరాలు, వాటి రూళ్లు వాటివి.

నేనైతే సంతకం పెట్టను. దానికి బదులు వీధి గురించి అడుగుతాను. ఈ విషయం మీద ఏళ్ల తరబడి పనిచేసిన లాస్ ఏంజెలెస్ ప్రొఫెసర్ డొనాల్డ్ షూప్, 2025లో పోయారు, రెండు మాటలు కలిపి చెప్పేవారు. బలవంతపు పార్కింగ్ తీసెయ్యండి. రోడ్డు పక్క చోటుకి గిరాకీని బట్టి డబ్బు వసూలు చేసి ఆ వీధికే ఖర్చు పెట్టండి. మొదటిది కౌన్సిల్‌కి సులువు, ఓటేసి ఇంటికి పోవచ్చు. రెండోదాని దగ్గరే అందరూ జారుకుంటారు, ఎందుకంటే అది ఓటరు గుమ్మం ముందుకొస్తుంది. ఆస్టిన్‌లో నివాసుల పర్మిట్ పార్కింగ్ ఉంది. మీటర్ డబ్బులో కొంత అదే పేటకి వెచ్చించే పద్ధతీ కొన్నిచోట్ల ఉంది. మీ వీధికి ఏది కుదురుతుందో అందరూ కలిసి అడగండి. వ్రతం రోజు చుట్టాలకి చోటు దొరికేది దాంతోనే.

ప్రశ్న: అమెరికాలో ఈ పార్కింగ్ నిబంధన తీసేస్తున్నారు కదా, హైదరాబాద్‌లోనూ తీసేస్తే ఫ్లాట్ల ధర తగ్గదా?
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: తొందరపడకండమ్మా. నేను టౌన్ ప్లానింగ్‌లో పనిచేసిన రోజుల్లో స్టిల్ట్ ప్లాన్లు, అంటే భవనాన్ని పిల్లర్ల మీద లేపి కింద కార్లకి వదిలేవి, చాలా చూశాను. కాగితం మీద పార్కింగ్ పెట్టెలు వరసగా, ముచ్చటగా ఉంటాయి. అందులో నాలుగు పిల్లర్ల వెనక ఉంటాయి, ఆటో కూడా తిరగదు. ఓసీ (భవనంలో ఉండొచ్చని ఇచ్చే సర్టిఫికెట్) వచ్చాక ఒక పెట్టెలో వాచ్‌మన్ గది లేస్తుంది, ఇంకోదాంట్లో జనరేటర్, రోడ్డు వైపు దానికి షట్టర్ బిగించి కిరాణా కొట్టు. కార్లు రోడ్డు మీదికొస్తాయి, ఎందుకంటే రోడ్డు ఫ్రీ. రూలు ఉండగానే ఇదీ వరస. పైగా మన దగ్గర గాలి ఉచిత పార్కింగ్ వైపే వీస్తోంది: 2018లో మాల్స్‌లో మొదటి అరగంట పార్కింగ్ ఉచితమని ప్రభుత్వమే జీవో ఇచ్చింది.

ముందు సెల్లార్లు ఖాళీ చేయించి, కాలనీ రోడ్ల మీద రాత్రి పార్కింగ్‌కి రుసుము పెట్టమనండి. ఆ తర్వాత మెట్రో స్టేషన్ నుంచి నడిచిపోయే దూరంలో, అంటే మీ కూకట్‌పల్లిలోనే, కొత్త అపార్ట్‌మెంట్లకి లెక్క సడలించి చూడొచ్చు. ధరంటారా, మిగిలిన డబ్బు బిల్డర్ మీకు తగ్గిస్తాడని నేను హామీ ఇవ్వలేను. పక్క వీధిలో ఇంకో నాలుగు భవనాలు లేస్తే అప్పుడు బేరం మీ చేతికొస్తుంది.