ప్రాంతీయ ప్రణాళికా సంస్థతో తగువుకు దిగే ముందు

చిరంజీవి అమ్మాయికి, పెదనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. ప్రాంతీయ ప్రణాళికా సంస్థ మీ చిన్న నగరానికి ఇన్ని కొత్త ఇళ్లు రావాలని లెక్క కట్టిందనీ, మురుగునీటి పెద్ద లైను ఊరి చివరి పొలాల మీదుగా వేస్తామంటోందనీ రాశావు. వచ్చే సమావేశంలోనే 'ఒప్పుకోం' అని తీర్మానం చేసి కోర్టుకు వెళ్దామని మీ నగర కౌన్సిల్ సభ్యులు పట్టుబడుతున్నారట. వాళ్ల కోపంలో న్యాయం ఉంది. ఊరికి జవాబు చెప్పాల్సింది మీరు, మ్యాపు మీద గీత గీసేది ఇంకెవరో. నా ఉద్యోగమంతా ఇలాంటి ప్లాన్లతోనే గడిచింది కాబట్టి అడక్కముందే చెబుతున్నాను, ఆ తీర్మానం ఇప్పుడే చేయకండి.

ముందు ఆ సంస్థను ఏర్పాటు చేసిన చట్టాన్ని తెప్పించుకుని నువ్వే చదువు. లాయరు చెప్పే సారాంశంతో సరిపెట్టుకోకు. ఆ సంస్థ మీకు సలహా మాత్రమే ఇవ్వగలదా, మీ ప్లాన్ మార్చమని ఆదేశించగలదా అన్నది అందులో ఒకటి రెండు వాక్యాల్లో ఉంటుంది. రేపు కోర్టులో వాదనంతా ఆ వాక్యాల చుట్టూనే తిరుగుతుంది.

అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలోని లేక్ ఎల్మో సంగతి చూడు. సెయింట్ పాల్ నగరానికి తూర్పున ఉంటుంది. 2000 నాటికి అక్కడి జనాభా 7 వేల లోపే. కొత్త కాలనీ వేస్తే సగం నేల ఖాళీగా వదిలి, మిగతా సగంలో ఇళ్లు దగ్గరదగ్గరగా కట్టుకునే పద్ధతితో పల్లె వాతావరణాన్ని కాపాడుకుందామనుకున్నారు. అక్కడ 1967లో ఏర్పడిన మెట్రోపాలిటన్ కౌన్సిల్ అనే ప్రాంతీయ ప్రణాళికా సంస్థ ఉంది. దాని పరిధి ఏడు కౌంటీలు, అంటే మన జిల్లాల్లాంటివి. సభ్యులను గవర్నరే నియమిస్తారు, మురుగునీటి శుద్ధి దాని చేతిలోనే ఉంటుంది. ఇంత తక్కువ ఇళ్లు కుదరవు, ప్లాన్ మార్చమంది. ఊరు కోర్టుకెక్కింది. 2004లో రాష్ట్ర సుప్రీంకోర్టు కౌన్సిల్ వైపే తీర్పిచ్చింది. స్థానిక ప్లాన్ వల్ల ప్రాంతీయ వ్యవస్థల మీద పెద్ద ప్రభావం పడేటట్టుంటే దాన్ని మార్చమనే అధికారం చట్టంలోనే ఉందన్నది. పల్లె వాతావరణం ఎంత విలువైనదన్న ప్రశ్న అక్కడ తూకానికే రాలేదు.

అందుకే మీ బలమంతా లెక్కల్లో పెట్టండి. సంస్థ వేసిన అంచనాకు ఏ సంవత్సరం జనాభాను ఆధారంగా తీసుకున్నారు, ఇంటికి ఎంతమంది అనుకున్నారు, మొత్తం ఇళ్లను ఊళ్ల మధ్య ఏ కొలత మీద పంచారు అన్నవి రాతపూర్వకంగా అడుగు. ఎదురుగా మీ లెక్క మీరు కట్టండి. ఊరి లోపల ఖాళీగా ఉన్న స్థలాల్లో ఎన్ని ఇళ్లు పడతాయి, పాత మురుగు లైన్లు వానాకాలంలో ఎంత నీరు మోయగలవు, బడిలో ఇంకెంతమంది పిల్లలకు చోటుంది. 'వద్దు' అనే ఊరిని పక్కన పెట్టడం ఆ ఆఫీసర్లకు సులువు. 'ఈ చోట ఇన్ని, ఆ చోట ఇన్ని, లైను పూర్తయ్యాకే రెండో విడత' అని కాగితం పెట్టిన ఊరిని పక్కన పెట్టడం కష్టం. నా అనుభవంలో ఇళ్ల సంఖ్య మీద పోట్లాడినవాళ్లకంటే విడతల మీద బేరమాడినవాళ్లకే ఎక్కువ దక్కింది. సంఖ్య తగ్గిస్తే మిగతా ఊళ్లన్నీ అడుగుతాయని సంస్థకు భయం. గడువు పెంచడానికి ఆ భయం అంతగా ఉండదు.

ఆ మిగతా ఊళ్ల దగ్గరికి నువ్వే ముందు వెళ్లు. మీకు తగ్గించిన ఇళ్లు వాళ్ల నెత్తిన పడతాయని వాళ్లు అనుకుంటే సంస్థ బోర్డులో మీకు ఒక్క ఓటూ రాదు.

అభ్యంతరాలన్నీ గడువులోపు కాగితం మీద ఇచ్చి రసీదు తీసుకోండి. హియరింగ్‌లో మాట్లాడిన ప్రతి ముఖ్యమైన మాటా మినిట్స్‌లో, అంటే సమావేశపు రాతలో, ఎక్కిందో లేదో చూసుకో. అక్కడ లేవనెత్తని విషయాన్ని తర్వాత కోర్టులో చెబితే మామూలుగా వినరు. ఇంకో చిక్కు కూడా ఉంది. కాలిఫోర్నియాలో సౌత్ లేక్ టాహో నగరం అక్కడి ప్రాంతీయ ప్రణాళికా సంస్థ మీద కేసు వేస్తే, రాజ్యాంగ హక్కుల పేరుతో ఆ కేసు వేసే అర్హత నగరానికీ, దాని కౌన్సిల్ సభ్యులకూ లేదని 1980లో ఫెడరల్ అప్పీళ్ల కోర్టు చెప్పింది. మీ చట్టం ఏమంటుందో, నేల పోయే మనుషులు సొంతంగా కేసు వేయాల్సి వస్తుందో ముందే తేల్చుకోండి. కేసు నడిచేటప్పుడు ఈ సంగతి బయటపడితే డబ్బూ పోతుంది, గడువూ పోతుంది.

ఒక్క విషయం సూటిగా అడుగుతాను, కోపం తెచ్చుకోకు. మీ సభ్యులు నిజంగా పొలాల కోసమే పోరాడుతున్నారా? అద్దెకుండేవాళ్లూ, తక్కువ జీతాలవాళ్లూ ఊళ్లోకి వస్తారన్న భయం కూడా అందులో ఉందా? ఉంటే అది హియరింగ్‌లో ఎవరో ఒకరి నోటి నుంచి బయటికి వస్తుంది, మీ మంచి వాదనలన్నీ దాంతోపాటే కొట్టుకుపోతాయి. నేనూ దాని పక్షాన నిలబడను. ఆ ఊళ్లో పనిచేసి ఆ ఊళ్లో ఇల్లు దొరకని మనిషికి మీ ప్లాన్‌లో ఎక్కడ చోటు చూపిస్తున్నారో కూడా రాయండి.

డ్రాఫ్ట్ ప్లాన్‌లో జనాభా అంచనాల అధ్యాయాన్నీ, అనుబంధంలో ఉండే పట్టికలనూ నాకు పంపు. అభ్యంతరాల గడువు తేదీ కూడా రాయి. గడువు మరీ దగ్గర్లో ఉంటే, ఈ వారంలోనే పొడిగింపు కోరుతూ నగరం పేరు మీద దరఖాస్తు పెట్టించు.

ఆశీస్సులతో,
పెదనాన్న